మూడో రోజు నిద్ర

2007 శ్రావణంలో పుట్టిన మా మొదటి బాబు ఆరు రోజులు బతికాడు.

మొదటి రెండు రోజులు వాడికి ఏ లోటూ లేదు. మూడు కిలోల బరువు, గట్టి ఏడుపు. పాలు పట్టిన తీరు చూసి ఆయమ్మ కూడా మెచ్చుకుంది. మూడో రోజు పొద్దున్నుంచి పాలకు లేవడం మానేశాడు. అరికాలు మీటితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేవాడు. "బుద్ధిమంతుడమ్మా, రాత్రంతా తల్లిని పడుకోనిచ్చాడు" అంది మా అత్తయ్య. నేనూ అలాగే అనుకున్నాను. కానుపు అలసటలో నాకూ నిద్ర కావాలి, పడుకున్నాను. సాయంత్రానికి వాడి ఊపిరి వేగం పెరిగింది. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని యాంటీబయాటిక్స్ పెట్టారు. ఆరో రోజు తెల్లవారుజామున పోయాడు.

పెద్దవాళ్లు బాలారిష్టం అన్నారు. ఆసుపత్రి కాగితం మీద సెప్సిస్ అని ఉంది. అప్పటికే నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. సెలవు పూర్తయి బడికి వెళ్లాక మొదట చెప్పాల్సి వచ్చిన పాఠం విసర్జన. ప్రోటీన్లు అరిగాక అమ్మోనియా వస్తుంది, అది విషం, లివర్ దాన్ని యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు వడకట్టి బయటకు పంపుతాయి. నాలుగు వాక్యాలు. పిల్లల చేత రెండుసార్లు చెప్పించి, బోర్డు తుడిచేసి ఇంటికి వెళ్లాను. నా బిడ్డ పోయింది ఆ రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్యనని తెలియడానికి నాకు ఇంకో పదకొండేళ్లు పట్టింది.

మాది మేనరికం. మా ఆయన నాకు చిన్న మామయ్య కొడుకు. మా తమ్ముడు చేసుకున్నది పెద్ద మామయ్య కూతుర్ని. పిల్లలు కళ్లెదుట ఉంటారని మా అమ్మమ్మ పట్టుబట్టి చేసిన పెళ్లిళ్లు రెండూ. 2010లో మాకు అమ్మాయి పుట్టింది. ఏ ఇబ్బందీ లేకుండా పెరిగింది. దాంతో బాబు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి అయిపోయింది.

2018లో తమ్ముడికి బాబు పుట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, వీడు పాలకు లేవట్లేదు, ఒకటే నిద్ర" అన్నాడు. నా చేతిలో ఆన్సర్ షీట్లు ఉన్నాయి. అవన్నీ కింద పడ్డాయి. "ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, కారెక్కించు" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలియదు. ఆ నిద్ర తెలుసు, అంతే.

వాళ్లు వెళ్లిన చోట పిల్లల డాక్టరు చాలా చిన్న వయసు అమ్మాయి. బిడ్డను చూస్తూనే రెండు ప్రశ్నలు అడిగింది. "మేనరికమా? ఇంతకుముందు మీ ఇంట్లో పసిపిల్లలెవరైనా పోయారా?" తమ్ముడు నా బాబు సంగతి చెప్పాడు. వెంటనే అమ్మోనియా టెస్ట్ రాసింది. ఆ రక్తాన్ని ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కి చేర్చాలి. బయట ఉంచితే సీసాలోనే అమ్మోనియా పెరిగి లెక్క తప్పుతుంది. ఆసుపత్రిలో ఆ టెస్ట్ లేదు. తమ్ముడే ఐస్ నింపిన డబ్బా ఒళ్లో పెట్టుకుని బండి మీద పరిగెత్తాడు. రిజల్ట్ పదమూడు వందలు దాటింది. ఉండాల్సిన దానికి అది ఎన్నో రెట్లు. డయాలసిస్ చేయగలిగే ఊరికి చేరేసరికి మరో రోజు గడిచింది. బాబు తొమ్మిదో రోజు పోయాడు.

ఐదు వారాల తర్వాత జన్యు పరీక్ష రిపోర్టు వచ్చింది. సీపీఎస్1 అనే జన్యువులో తప్పు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే తప్పు వచ్చింది. తర్వాత నేనూ మా ఆయనా పరీక్ష చేయించుకున్నాం. మా ఇద్దరిలోనూ అదే తప్పు ఉంది. అమ్మమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో మొదలై, మా అమ్మలోకీ ఇద్దరు మామయ్యల్లోకీ దిగి, రెండు పెళ్లిళ్లలో మళ్లీ కలుసుకుంది. మా బాబుకి ఎవరూ టెస్ట్ చేయలేదు కాబట్టి వాడి కాగితం మీద ఇప్పటికీ సెప్సిస్ అనే ఉంటుంది. నాకు మాత్రం ఇక అనుమానం లేదు.

ఆ రిపోర్టు చదివించుకోవడానికి వెళ్లినప్పుడు జెనెటిక్స్ డాక్టరుగారు చెప్పిన ఒక మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. ఆ తర్వాత అదే మాట నన్ను నిలబెట్టింది కూడా. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటాడు, ఎందుకంటే వాడి ఒంట్లో పుట్టే అమ్మోనియా మాయ ద్వారా తల్లి రక్తంలోకి వచ్చేస్తుంది, తల్లి లివరే శుభ్రం చేస్తుంది. తొమ్మిది నెలలు నా లివర్ వాడి పని కూడా చేసిందన్నమాట. బొడ్డు కోసిన క్షణం నుంచి వాడు ఒంటరి. సీపీఎస్1 అనే ఎంజైమ్ లివర్ కణాల్లో యూరియా తయారీకి మొదటి మెట్టు. అది లేకపోతే మిగతా మెట్లకు పనే లేదు. అమ్మోనియా గంట గంటకూ పేరుకుంటూ మెదడుకు చేరుతుంది. అందుకే ఆ నిద్ర.

"నేను పట్టిన పాలే విషమయ్యాయా?" అని అడిగాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని నిదానంగా చెప్పారు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ ఒళ్లే తన సొంత ప్రోటీన్‌ను కరిగించుకుంటుంది, పాలు పట్టకపోయినా ఇది వచ్చేదే అన్నారు. ఇది చదివే తల్లుల్లో ఎవరికైనా ఈ మాట అవసరం ఉండొచ్చని రాస్తున్నాను.

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను. 2025 మే 16, వేసవి సెలవులు. పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, సీపీఎస్1 అంటే మనదేగా?" అంది. ముందు రోజు అమెరికాలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పేపర్ వచ్చింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి పెరెల్మన్ వైద్య కళాశాల, ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి కలిసి చేసిన పని. కేజే అనే బాబుకి, వాడి ఒక్కడి కోసమే జన్యువును దిద్దే మందు తయారు చేసి ఇచ్చారు. ప్రపంచంలో ఇలా జరగడం అదే మొదటిసారి. జబ్బు సీపీఎస్1 లోపం. సుమారు 13 లక్షల మందిలో ఒకరికి వస్తుందంటారు. తీవ్రంగా వచ్చిన పసిపిల్లల్లో దాదాపు సగం మంది దక్కరు.

స్టవ్ ఆపేసి అక్కడే కింద కూర్చున్నాను.

కేజే 2024 ఆగస్టులో పుట్టాడు. రెండు రోజులు నిండకుండానే మత్తు, ఊపిరి ఇబ్బంది. అక్కడి డాక్టర్లు అమ్మోనియా చూశారు. వెయ్యి దాటింది. వెంటనే డయాలసిస్ మీద పెట్టారు. వారం లోపే జన్యువులో తప్పు ఎక్కడుందో తెలిసింది. తల్లి నుంచి ఒక తప్పు, తండ్రి నుంచి వేరే తప్పు. వాళ్ల మధ్య మేనరికం ఏమీ లేదు. ఈ జబ్బుకి పెద్ద మార్గం లివర్ మార్పిడి. కానీ అంత చిన్న బిడ్డకు అది చేయలేరు, పెరిగేదాకా ఆగాలి. ఆ ఆగే నెలల్లో ఒక్క జలుబు చేసినా అమ్మోనియా ఎగబాకి మెదడు దెబ్బతినొచ్చు.

ఆ పిల్లల ఆసుపత్రిలో ఇలాంటి జబ్బులు చూసే డాక్టరు రెబెకా అహ్రెన్స్-నిక్లాస్, పెరెల్మన్ కళాశాలలో జన్యువులు దిద్దే పరిశోధన చేసే డాక్టరు కిరణ్ ముసునూరు 2023 నుంచే కలిసి పని చేస్తున్నారు. ఆ ఇంటిపేరు చూడగానే ఆగాను. నూజివీడు దగ్గర ముసునూరు మాకు తెలిసిన ఊరు. పేరు కలిసిందని చుట్టరికం కలుపుకోవడం కాదు గానీ, ఆ ఉదయం ఆ పేరు చదవడం నాకు ఎందుకో ధైర్యంగా అనిపించింది.

వాళ్లు చేసిన పని మా పదో తరగతి పిల్లలకు ఎలా చెప్పానో అలాగే ఇక్కడా చెబుతాను. జన్యువు అంటే నాలుగే అక్షరాలతో రాసిన పెద్ద పాఠం. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట, ఒక్కో మాటకు ఒక్కో అమైనో ఆమ్లం. సీపీఎస్1 ప్రోటీన్‌లో ఇలాంటివి 1500 ఉంటాయి. కేజేకి తండ్రి నుంచి వచ్చిన పాఠంలో 335వ మాట దగ్గర ఒక్క అక్షరం మారింది. దాంతో ఆ మాటకు "ఇక్కడ ఆపెయ్" అనే అర్థం వచ్చింది. కణం అక్కడితో ఆపేస్తుంది. నాలుగో వంతు కూడా రాకుండా ఆగిన ప్రోటీన్ దేనికీ పనికిరాదు.

క్రిస్పర్ అనగానే జన్యువును కత్తిరించే కత్తెర అని మనం పత్రికల్లో చదివాం. ఇక్కడ వాడింది కత్తెర కాదు. బేస్ ఎడిటింగ్ అంటారు. కాగితం చించి అతికించకుండా, తప్పు పడిన అక్షరం ఒక్కదాన్నే దిద్దడం. కేజే విషయంలో పనికొచ్చిన రకాన్ని 2017లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ లియు బృందం కనిపెట్టింది. పలక మీద అక్షరాలు దిద్దించే వృత్తిలో ఉన్నదాన్ని. ఈ పనికి మన భాషలో ఇంతకంటే సరైన మాట లేదు, దిద్దడమే.

ఆ దిద్దే పరికరాన్ని లివర్‌కి పంపడం ఎలా? పరికరం తయారీ ఆదేశాలను ఎంఆర్‌ఎన్‌ఏగా, అంటే కణం చదివి ప్రోటీన్ తయారు చేసుకునే చీటీగా రాసి, ఏ అక్షరం దగ్గర ఆగాలో చూపించే చిన్న గైడ్‌ను జతచేసి, రెండింటినీ సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి నరంలోకి ఎక్కించారు. రక్తంలోకి వెళ్లిన ఆ బుడగలు ఎక్కువగా లివర్‌కే చేరతాయి. మనలో చాలామందికి వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఈ రకం కావు. అమెరికాలో ఉన్న మన పిల్లలు వేయించుకున్న ఫైజర్, మోడెర్నా టీకాలు ఈ పద్ధతివే. ఎంఆర్‌ఎన్‌ఏని ఒంటికి పడేలా మార్చిన కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో ఆ పని చేసింది ఈ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనే. 2023లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఒక ల్యాబ్‌లో జరిగిన పని ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఒక పసివాడి నరంలోకి చేరింది.

బుడగలతో ఇంకో మేలుంది. మామూలుగా జన్యు చికిత్సలకు వైరస్‌ను వాహనంగా వాడతారు. ఒకసారి ఇస్తే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని రెండోసారి రానివ్వదు. బుడగలైతే మళ్లీ ఇవ్వొచ్చు. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి చూశారు. అదే తప్పున్న ఎలుకల్లో పరీక్షించి, కోతుల్లో భద్రత చూసి, ప్రభుత్వ అనుమతికి దరఖాస్తు పెట్టారు. వారంలో అనుమతి వచ్చింది. జబ్బు తెలిసినప్పటి నుంచి మొదటి డోసు దాకా మొత్తం ఆరు నెలలు. మొదటి డోసు 2025 ఫిబ్రవరిలో, కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము. తర్వాతవి మార్చిలో, ఏప్రిల్‌లో, 0.3 చొప్పున.

అప్పటిదాకా కొలిచి కొలిచి ప్రోటీన్ ఇస్తున్న బిడ్డకు ఎక్కువ ఇవ్వగలిగారు. అమ్మోనియా తగ్గించే మందు సగానికి దించారు. మధ్యలో వైరల్ జబ్బులు వచ్చినా అమ్మోనియా విపరీతం కాకుండా తట్టుకున్నాడు. పుట్టిన 307 రోజులకు, 2025 జూన్ 3న, మొదటిసారి ఇంటికి వెళ్లాడు. ఆ వీడియోలో వాడి కారు ముందు పోలీసు వాహనాలు వెళ్తున్నాయి. మా ఆయన ఆ వీడియో చూసి ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డారు.

జబ్బు పూర్తిగా నయమైందని డాక్టర్లు అనలేదు. లివర్‌లో ఎన్ని కణాలు దిద్దబడ్డాయో చూడాలంటే ముక్క తీయాలి, అంత చిన్న బిడ్డ మీద ఆ పని చేయలేదు. ఏళ్ల తరబడి గమనించాల్సి ఉంటుందని స్పష్టంగా రాశారు. అంత పెద్ద పని చేసి కూడా మాట అదుపులో పెట్టుకున్నందుకు వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

నన్ను ఎక్కువగా కదిలించింది ఒక చిన్న వివరం. వాళ్లు కేజేలో రెండు తప్పులూ దిద్దలేదు. తండ్రి నుంచి వచ్చినదొక్కటే దిద్దారు. ఒకటి చాలు. ఒక మంచి ప్రతి ఉంటే లివర్ పని నడిచిపోతుంది. అందుకు నేనే సాక్ష్యం. నాలో ఒకటి మంచిది, ఒకటి తప్పుది. నలభై ఆరేళ్లు వచ్చాయి, పప్పూ గుడ్డూ చేపా అన్నీ తింటాను. మా బాబుకి కావలసింది నా దగ్గర ఉన్న ఆ ఒక్క మంచి ప్రతి. ఇద్దరు తల్లిదండ్రులలోనూ మంచి ప్రతి ఉండి, రెండు మంచివీ వదిలేసి రెండు తప్పులే వాడికి చేరాయి. నాలుగింట ఒక వంతు అవకాశం అంటారు లెక్కల్లో.

కేజే మందు మా ఇంటికి పనికిరాదు. మా అక్షరం వేరే చోట మారింది. ఆ గైడ్ మా తప్పును గుర్తుపట్టదు. కానీ మార్చాల్సింది ముఖ్యంగా ఆ గైడే. అన్నిసార్లూ పరికరం ఇదే కాకపోవచ్చు, కొన్ని తప్పులకు వేరే రకం ఎడిటర్ కావాలి. అయినా బుడగలు, తయారీ పద్ధతి, పరీక్షించే దారి తెలిసిపోయాయి. అందుకే యూరియా తయారీలో పనిచేసే వేర్వేరు జన్యువుల తప్పులన్నిటికీ కలిపి ఒకే గొడుగు కింద ట్రయల్ నడపాలని ఆ బృందమే ప్రణాళిక వేసింది. ప్రతి బిడ్డకూ మొదటి నుంచి అనుమతుల చుట్టూ తిరగకుండా ఉండటానికి. కోట్లు పెట్టే కంపెనీ ఏదీ ఒక్క బిడ్డ కోసం మందు చేయదు. కేజే విషయంలో కూడా అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధులు ఉన్నాయి, కంపెనీలు చాలా పని ఉచితంగా చేసిపెట్టాయి. మెడికల్ కాలేజీల్లో ఇలాంటి పరిశోధన ఎందుకుండాలో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర సంగతి. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో యూరియా తయారీ జబ్బులు ఉన్నాయి. గుర్తించిన కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల దాకా సాయం ఉంటుంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కలిసి సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల ప్రభుత్వ సంస్థ అలాంటి కేంద్రం. కానీ ఆ కేంద్రానికి చేరేది బతికి ఉన్న బిడ్డ, జబ్బు పేరు తెలిసిన బిడ్డ. మా ఇద్దరు పిల్లలూ ఆ గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

పేపర్ రెండోసారి చదివినప్పుడు నాకు అనిపించింది ఇదే. కేజేని మొదట కాపాడింది జన్యువు దిద్దే మందు కాదు. రెండో రోజే ఎవరో డాక్టరుకు అమ్మోనియా చూడాలని తోచింది, చూడగానే డయాలసిస్ అందింది. ఆ రెండూ మనకు తెలిసిన పాత పనులే. కొత్త మందు ఆరు నెలల తర్వాతి మాట. నేను ప్రతి మేనరికం ఇంటికీ, ప్రతి కాన్పు వార్డుకూ చెప్పాలనుకునేది అంతే. పుట్టినప్పుడు బాగుండి, రెండో రోజో మూడో రోజో పాలకు లేవకుండా మత్తుగా ఉన్న బిడ్డను చూసి మంచి నిద్ర అనుకోకండి. ఇన్ఫెక్షన్‌కి మందులు పెట్టనివ్వండి, తప్పు లేదు, లక్షణాలు ఒకేలా ఉంటాయి. దాంతోపాటు "అమ్మోనియా చూశారా?" అని అడగండి. రక్తం ఐస్‌లో వెళ్తోందా అని కూడా అడగండి. ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డ పోయి ఉంటే ఆ సంగతి దాచకండి. మా తమ్ముడు నా బాబు సంగతి చెప్పబట్టే ఆ డాక్టరమ్మకు అంత త్వరగా తోచింది.

ఈ ఏడాది విసర్జన పాఠానికి మూడు పీరియడ్లు తీసుకున్నాను. ఎప్పుడూ ఒకటే తీసుకునేదాన్ని. పిల్లలకు కేజే సంగతి చెప్పాను, మా బాబు సంగతి కూడా చెప్పాను. చివరి బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, మా అక్కకి మామయ్యతో పెళ్లి మాట్లాడుతున్నారు" అంది. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. పెళ్లి మానమని చెప్పే హక్కు నాకు లేదు. ముందు జెనెటిక్స్ డాక్టరును కలవమని, మా రిపోర్టు చూపించి, కూర్చుని చెప్పి వచ్చాను. వాళ్ల అమ్మ రిపోర్టును ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

మా మరదలు ఇప్పుడు ఎనిమిదో నెల. ఇన్నేళ్లు భయంతో ఆగి, పోయిన ఏడాది ధైర్యం చేశారు. పన్నెండో వారంలో హైదరాబాదు వెళ్లి మాయ నుంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించారు. బిడ్డకు ఒక తప్పు ప్రతి, ఒక మంచి ప్రతి. అచ్చం నాలాగే. భయం లేదని డాక్టరుగారు రాసిచ్చారు.

అయినా మొన్న ఆదివారం వెళ్తే తమ్ముడి ఫ్రిజ్‌లో కింది అరంతా ఐస్ ప్యాకులు. పక్కనే మూత గట్టిగా పట్టే కొత్త డబ్బా. ఫ్రిజ్ తలుపు మీద అమ్మోనియా టెస్ట్ చేసే ల్యాబ్ నంబరు, రాత్రి ఎన్నింటిదాకా తీసి ఉంటుందో రాసిన కాగితం. అవసరం పడదులేరా అన్నాను. "తెలుసక్కా, ఉండనీ" అన్నాడు.